మూలమట్టానికి రాని గదిలో చెక్క నేల

(అమలాపురంలో ఒక ఆదివారం సాయంత్రం వడ్రంగులు, తాపీ పనివారు కలిసి కూర్చున్న సభలో ఒక పెద్ద మేస్త్రీ చేసిన ప్రసంగం. మాటలు వీలైనంత వరకు ఆయనవే.)

అందరికీ నమస్కారమండి. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? ఆ, సరే.

నన్ను టేకు గురించి మాట్లాడమన్నారు. టేకు గురించి మీకు నేను చెప్పేదేముంటుంది? రాజమండ్రి డిపోలో దుంగని వేలి కణుపుతో కొట్టి లోపల చేవ ఎంతుందో చెప్పేవాళ్లు ఈ హాల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. అందుకని నేను చెక్క గురించి తక్కువ, గది గురించి ఎక్కువ చెబుతాను. చెక్క నేల పాడైన ఇళ్లు నేను చాలా చూశాను. వాటిలో చెక్క మంచిది కాక పాడైనవి తక్కువ. గదిని కొలవకుండా మొదలుపెట్టి పాడుచేసుకున్నవే ఎక్కువ.

ముందు ఒక మాట అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. మీలో ఎంతమంది గదికి నాలుగు గోడలూ విడివిడిగా టేపు పెట్టి కొలుస్తారు? నాలుగూ. పొడవొకటి, వెడల్పొకటి రాసుకుని వచ్చేయడం కాదు. ... మూడు చేతులు. ధైర్యం చేసి లేపారు, సంతోషం.

మన వైపు గది మూలమట్టానికి, అంటే మూలలు నిక్కచ్చిగా తొంభై డిగ్రీలకి, ఎందుకు రాదో చూద్దాం. తాపీ మేస్త్రీలు కూడా ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి. (నవ్వులు) వాళ్ల తప్పు ఉన్నచోట ఉంది, కానీ సగం చోట్ల లేదు. మన నేల రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు ఒక రకంగా ఉంటుంది, జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక ఇంకో రకంగా ఉంటుంది. దాని మీద కూర్చున్న పాత ఇల్లు ఏళ్ల తరబడి అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. ఇక స్థలాలు. కాలువ గట్టు వంపు తిరిగితే స్థలమూ వంపు తిరుగుతుంది, ప్రహరీని చూసి గోడ కట్టేస్తారు, గది దాని వెంట పోతుంది. అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఈశాన్యం!

ఇంటాయన పిలిచి, "మేస్త్రీ, ఈశాన్యం ఒక్క రెండంగుళాలు పెంచు" అంటాడు. మేస్త్రీ పెంచుతాడు. పదేళ్ల తర్వాత అదే ఇంటాయన నన్ను పిలిచి, "ఈ గది వంకరగా కట్టాడండి ఆ మేస్త్రీ" అంటాడు. ఒకాయన్ని నేను మొహం మీదే అడిగాను, ఇది మీరు పెంచమన్న ఈశాన్యం కాదా అని. "ఆయ్, నేనే అన్నానండి, కానీ కనపడకుండా పెంచుతాడనుకున్నాను" అన్నాడు. (నవ్వులు)

సరే, గది వంకర ఎంతో ఎలా తెలుస్తుంది? 3, 4, 5 లెక్క మీ అందరికీ తెలుసు. మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులకి గుర్తు, రెండో గోడ వెంట 4 అడుగులకి గుర్తు, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. గదిలో మాత్రం 3, 4, 5 చాలదు, 9, 12, 15 పెట్టండి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు కదా, చిన్న కొలతలో అర నూలు తేడా మీ పెన్సిల్ గీత మందంలోనే దాక్కుంటుంది. పెద్ద కొలతలో దాక్కోలేదు. టేపు మొదట్లో ఉండే కొక్కెం అరిగిపోయి ఆడుతూ ఉంటుంది, దాన్ని వదిలేసి ఒక అడుగు గీత దగ్గర నుంచి కొలవండి. ఆ అడుగు తీసేయడం మరిచిపోకండి, నేను మరిచిపోయి ఒక తలుపు అడుగు పొట్టిగా కోశాను ఒకసారి.

ఒక మూల సరిగ్గా వచ్చింది కదా అని సంబరపడకూడదు. ఈశాన్యం పెంచిన గదిలో నైరుతి మూల చక్కగా మూలమట్టానికి వస్తుంది. అక్కడ నిలబడి చూస్తే గది అద్భుతం. తేడా అంతా ఎదుటి మూలలో ఉంటుంది. అందుకని కర్ణాలు కొలవాలి, మూల నుంచి మూలకి రెండూ. కర్ణాలు సమానమైతే గది మూలమట్టానికి ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. గోముఖం స్థలం తెలుసు కదా, ముందు సన్నగా, వెనక వెడల్పుగా, చేట లాగా. ఆ ఆకారంలో గది రెండు పక్కలా సమానంగా విచ్చుకుంటే రెండు కర్ణాలూ నూలు తేడా లేకుండా సమానంగా వస్తాయి. కానీ ఒక్క మూలా మట్టానికి ఉండదు. కాబట్టి నాలుగు గోడలు, రెండు కర్ణాలు, మొత్తం ఆరు కొలతలు కాగితం మీద గది బొమ్మ గీసి దాని మీదే రాసుకోండి. పావుగంట పని. సెల్‌ఫోన్‌లో కాదు, కాగితం మీద.

ఇప్పుడు నా కథ చెబుతాను. రాజోలు వైపు ఒక ఊరు. మేడ మీద హాలు. ఇంటాయన కువైట్‌లో చాలా ఏళ్లు చేసి వచ్చాడు, అక్కడ చూసిన చెక్క నేల ఇక్కడ వేయించుకోవాలని ఆయన కోరిక. నాకు అదే మొదటి చెక్క నేల. తలుపులు, కిటికీలు, మంచాలు బోలెడు చేసి ఉన్నాను, నేల ఎంతలే అనుకున్నాను. అయిదంగుళాల పలకలు, ముప్పాతిక అంగుళం మందం, గాడి, నాలుక తీసినవి, అంటే ఒక పలక అంచున ఉన్న నాలుక పక్క పలక గాడిలోకి దిగేవి. హాలు దక్షిణం గోడ 18 అడుగులు, పడమర గోడ 13 అడుగులు. నేను కొలిచినవి ఈ రెండే.

దక్షిణం గోడకి అర అంగుళం వదిలి, గోడ వెంటే మొదటి వరస పెట్టి బిగించుకుంటూ పోయాను. గోడ సూటిగా ఉంది, వరసలు సూటిగా వస్తున్నాయి, నాకు మహా ఉత్సాహం. ముప్పై ఒకటో వరస దగ్గర ఆగాను. పడమర వైపు ఆ వరస ఉత్తరం గోడ దాకా సరిగ్గా వచ్చేసింది, వదలాల్సిన అర అంగుళం తప్ప ఏమీ మిగల్లేదు. తూర్పు వైపు చూస్తే ఇంకా రెండంగుళాలు ఖాళీ! తూర్పు గోడ 13 అడుగుల 2 అంగుళాలన్నమాట. తర్వాత కర్ణాలు కొలిస్తే ఒకటి 22 అడుగుల రెండున్నర అంగుళాలు, ఇంకోటి 22 అడుగుల నాలుగున్నర. ఈశాన్యం.

ఆ ఖాళీని ఏం చేస్తాను? 18 అడుగుల పొడవున ఒక కొసన రెండంగుళాలు, రెండో కొసన సున్నా అయ్యే చీలిక కోయాలి. సున్నా కొస ఎక్కడ నిలుస్తుంది, విరిగిపోతుంది. విరిగిన చోట రంపపు పొట్టు, జిగురు కలిపి కూరాను. పాలిష్ పెట్టాక ఇంటాయన చూసి బాగుందన్నాడు. సాయంత్రం ఆయన తల్లిగారు పైకొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ చూపు నేలకి దగ్గరగా ఉంటుంది కదా. అయిదు నిమిషాలు చూసి, "ఏవయ్యా, ఆ గోడవార పాము పడుకున్నట్టు ఏంటది?" అన్నారు. ఇక చూడండి, ఆ తర్వాత నాకు ఆ గదిలో పాము తప్ప ఇంకేమీ కనపడలేదు. మొత్తం ఊడదీశాను. ఊడదీసేటప్పుడు నాలుకలు విరిగిన పలకలు నా ఖర్చు.

రెండోసారి ఎలా వేశానో అదే ఇవాళ మీకు చెప్పాల్సిన అసలు సంగతి.

గదిలో ఉన్న రెండంగుళాల వంకర ఎక్కడికీ పోదు. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం మన చేతిలో ఉంది. మొదటి వరస గోడని చూసి పెట్టకూడదు, దారాన్ని చూసి పెట్టాలి. ముందు కాగితం మీద లెక్క. పడమర వెడల్పు 156 అంగుళాలు. రెండు పక్కలా అర అంగుళం చొప్పున తీస్తే 155. తూర్పు వైపు అలాగే తీస్తే 157. నిండు పలకలు 30 వరసలు పెడితే 150. పడమర 5 అంగుళాలు మిగిలాయి, తూర్పు 7 మిగిలాయి. వీటిని రెండు గోడలకీ సమానంగా పంచండి. పడమర కొసన అటు రెండున్నర, ఇటు రెండున్నర. తూర్పు కొసన అటు మూడున్నర, ఇటు మూడున్నర. అంటే మొదటి వరసా, చివరి వరసా రెండూ రెండున్నర అంగుళాల నుంచి మూడున్నరకి మెల్లగా విచ్చుకుంటాయి. మధ్యలో 30 వరసలు నిండు పలకలు, సూటిగా ఉంటాయి.

వంకర అప్పుడూ రెండంగుళాలే, ఇప్పుడూ రెండంగుళాలే. కానీ సున్నా నుంచి రెండుకి పెరిగే చీలిక ఎవరికైనా కనపడుతుంది. రెండున్నర నుంచి మూడున్నరకి పెరిగే పలక 18 అడుగుల దూరంలో కనపడదు. మన కన్ను అంగుళాలు లెక్కపెట్టదు, ఈ కొస ఆ కొసకి ఎన్నో వంతు ఉందో పోల్చుకుంటుంది. అందుకే గోడవార వరస ఎప్పుడూ రెండంగుళాలకి తగ్గకుండా చూసుకోండి. తగ్గేలా ఉంటే ఒక నిండు వరస తీసేసి ఆ వెడల్పు రెండు పక్కలకీ పంచండి.

సమానంగా పంచడమే ఎప్పుడూ మంచిదని నేను అనను. ఒక గోడకి నిలువెత్తు బీరువాలు, ఇంకో గోడ ఖాళీ అనుకోండి. అప్పుడు ఖాళీ గోడ వైపు సూటిగా నిండు పలక పెట్టి, వంకరంతా బీరువా కిందకి తోసేస్తాను. పందిరి మంచం ఉన్న గదిలో కూడా అంతే. ముందు ఇల్లాలిని అడగండి, సామాను ఎక్కడ పెడతారని. ఇంటాయన్ని అడిగితే ఆయనకి తెలియదు.

దారం ఎలా కొడతారంటే, దక్షిణం గోడ నుంచి పడమర కొసన 3 అంగుళాలు, అంటే అర అంగుళం ఖాళీ, రెండున్నర పలక. తూర్పు కొసన 4 అంగుళాలు. రెండు చోట్లా మేకు, మధ్య రంగు దారం బిగించి ఒక్కసారి చిటికెన కొట్టండి. 18 అడుగుల దారం ఒక్క దెబ్బకి మధ్యలో వంగుతుంది, మధ్యలో ఒకరు వేలితో అదిమిపట్టి అటొకసారి, ఇటొకసారి కొట్టండి. లేజర్ ఉన్నవాళ్లు లేజర్ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆ గీత మీద మొదటి నిండు పలకల వరస పెట్టి, గోడ వైపు కదలకుండా సూటి చెక్క బిగించి, ఉత్తరం వైపు వరసలు వేసుకుంటూ పోండి. ప్రతి అయిదారు వరసలకీ గోడ వరకూ రెండు కొసలా కొలిచి కాగితంతో సరిచూసుకోవాలి. పలకలు తోసేకొద్దీ వరస వరసకీ కొంచెం కొంచెం పక్కకి జరుగుతుంది, ముప్పై వరసలు అయ్యాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. అతుకులు పక్క వరస అతుకుకి కనీసం ఆరంగుళాలు దూరం ఉండాలి, ఇది మీకు తెలిసిందే.

చివర్లో గోడవార వరస. పలక పలకకీ విడిగా కొలవాలి. ఒక పలక నాలుగున్నర అడుగులు ఉందనుకోండి, అది మొదలయ్యే చోట గోడకి దూరం ఎంత, ముగిసే చోట ఎంత, రెండింటి నుంచి అర అంగుళం తీసి పలక రెండు కొసల్లో గుర్తు పెట్టి, సూటి బద్దతో కలిపి, ఆ బద్దకి రంపం మిషన్ ఆనించి కోయండి. ఈ లెక్కన తర్వాతి పలక దీని కొస దగ్గర నుంచే ఎత్తుకుంటుంది, మెట్టు పడదు. గోడ వంకరే కాకుండా ప్లాస్టరింగ్ పొట్ట కూడా పెట్టిందంటే సూటి కోత పనికిరాదు. పలకని చివరి నిండు వరస మీద సరిగ్గా పరిచి, పలక వెడల్పు కన్నా అర అంగుళం పెంచి కోసుకున్న ఒక చిన్న చెక్క ముక్కకి పెన్సిల్ ఆనించి గోడ వెంట జరుపుకుంటూ పోతే, గోడ పొట్టా, గుంటా అన్నీ పలక మీద గీతగా దిగుతాయి. ఆ ముక్క పొడవు ఎంతో తెలుసా? నిండు పలక వెడల్పు అయిదు కదా, దానికి ఖాళీ అర అంగుళం కలిపితే అయిదున్నర. ఆ గీత మీద కోయడమే. ఎక్కడైనా పట్టేస్తే చిత్రిక రెండు తోపులు.

ఒక తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. ... వంకరని అన్ని పలకల్లో కొంచెం కొంచెం పంచకూడదా అంటున్నాడు. పూర్వం మేడల మీద చెక్క పరిచినప్పుడు అలాంటి పని చేసేవారు. చెట్టు మొదట్లో లావు, చివర సన్నం కదా, పలకా అలాగే వచ్చేది. ఒక పలక మొదలు ఇటు పెడితే పక్క పలక మొదలు అటు పెట్టేవారు. గది వంకరైతే రెండు మొదళ్లు ఒకే వైపు పెట్టి సర్దేవారు. గాడి, నాలుక ఉన్న పలకతో ఇది కష్టం. అంచు ఏటవాలుగా కోసిన ప్రతి పలకకీ రౌటర్‌తో మళ్లీ గాడి తీసుకోవాలి. వంకర నాలుగంగుళాలు దాటి, దాచడానికి బీరువా కూడా లేకపోతే అప్పుడు చేయండి. ఓపికా, కూలీ రెండూ ఉంటే.

ఇక గుమ్మం. మన ఇళ్లల్లో అందరి కన్నూ పడేది గడప మీద. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడతారు, దాని పక్కనే పలక కొస వంకరగా కనపడితే పసుపు పూసిన చేయి రోజూ దాన్ని చూస్తుంది. నేను చెప్పిన హాల్లో గుమ్మం తూర్పు గోడలో ఉంది. మూడున్నర అడుగుల గుమ్మంలో మన వరసలకీ, గడపకీ మధ్య మూడు నాలుగు నూళ్ల తేడా వచ్చింది. పలకలన్నీ మూలమట్టం పెట్టి అడ్డంగా కోస్తే గడప దగ్గర కోడి ముక్కులా సందు పడుతుంది. అందుకని గడపకి సమాంతరంగా ఒక అడ్డ పలక వేసి, మిగతా పలకల కొసలు దానికి తగ్గట్టు ఏటవాలుగా కోశాను. తేడా అంతా అడ్డ పలక అవతల, నడిచే కాళ్ల కిందకి పోయింది. పసుపునీళ్లు చెక్క కొసల్లోకి దిగకుండా అక్కడ పాలిష్ రెండు పూతలు ఎక్కువ వేయండి. గడప కడగొద్దని చెబితే వినరు, చెప్పకండి కూడా.

అర అంగుళం, అర అంగుళం అని ఇందాకటి నుంచి అంటున్నాను. అది ఎందుకో చెప్పకపోతే మీలో ఒకరు తప్పకుండా మానేస్తారు. చెక్క పొడవులో పెరగదు, వెడల్పులో పెరుగుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వెడల్పులో నూటికి దాదాపు 6 వంతులు తగ్గుతుంది, అదీ మామూలు కోత పలక. విదేశాల నుంచి వచ్చే తెల్ల ఓక్ 10 వంతులు దాటుతుంది. మన హాలు 155 అంగుళాలు. వేసవిలో ఎండిన టేకు వేశాక వానల్లో చెక్కలోని చెమ్మ నూటికి 3 వంతులు పెరిగిందనుకోండి, గది మొత్తం మీద అంగుళానికి కొంచెం తక్కువ పెరుగుతుంది. రెండు పక్కలా అర అంగుళం వదిలారు కాబట్టి సరిపోయింది. ఓక్ అయితే సరిపోదు, ఇంకా ఎక్కువ వదలాలి. స్కర్టింగ్, అంటే గోడ అడుగున పెట్టే పట్టీ, దాని మందం ఈ ఖాళీని కప్పేలా ముందే చూసుకోండి. గోడకి రాతి స్కర్టింగ్ ముందే ఉంటే దాని కింద గుండ్రటి బీడింగ్ పెట్టండి, ఆ బీడింగ్‌ని గోడకి కొట్టాలి, నేలకి కాదు.

వంకర గదిలో ఈ ఖాళీ దగ్గరే మోసం జరుగుతుంది. ఒక కొసన చీలిక కోయడం బద్ధకమేసి, "ఖాళీ ఉంది కదా, ఇక్కడ గోడకి ఆనించేద్దాం" అనుకుంటాం. ఆనిన చోట నుంచే నేల లేస్తుంది. ఆగస్టులో వేసిన ఒక పడగ్గదిలో నేనే ఇలా చేశాను. ముసురు పట్టిన నాలుగు రోజుల్లో మంచం కాలి దగ్గర నేల వీపులా లేచింది. ఆ ఆనిన అడుగున్నర కోసేశాక ఒక వారానికి దానంతటదే దిగింది.

చెక్క తెచ్చిన రోజే వేయకండి. వేసే గదిలోనే మధ్యలో బద్దలు పెట్టి దొంతరగా పేర్చి కనీసం ఒక వారం ఉంచండి. ఏసీ వేసుకునే గదైతే ఏసీ నడిపి ఉంచండి. కింది అంతస్తు నేల మీద అయితే ఇంకా జాగ్రత్త. మనకి తవ్వితే నీళ్లు పైనే ఉంటాయి. రెండడుగుల చదరం పాలిథిన్ కాగితం నేల మీద పరిచి నాలుగు పక్కలా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు నీటి చుక్కలు పట్టినా, నేల నల్లబడినా ఆ గదిలో చెక్క వేయకూడదు. ఈ పరీక్ష మే నెలలో చేసి పాసయిందనుకోకండి, కాలువలు వదిలాక చేయండి.

మూలవాటంగా వేస్తే వంకర కనపడదంటారు. నిజమే, గోడకి సమాంతరంగా ఏ గీతా ఉండదు కాబట్టి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. పలకలు ఎక్కువ వృథా అవుతాయి, మామూలుగా నూటికి 5 నుంచి 7 తెచ్చుకునేవాళ్లు 10 నుంచి 15 తెచ్చుకోవాలి. గది చుట్టూ నల్ల చెక్క అంచు వేయించుకుందామని ఎవరైనా అంటే మాత్రం ముందు కర్ణాలు కొలిచి చూపించండి. వంకర గదికి అంచు వేయడమంటే వంకరకి బోర్డు రాయించి పెట్టడమే.

ప్రశ్నలుంటే అడగండి. ... ఆ, తాపీ మేస్త్రీగారు చెయ్యెత్తారు. ఈశాన్యం పెంచమంటే మేము ఏం చేయాలి, కాదనలేం కదా అంటున్నారు. కాదనకండి. నమ్మకం వాళ్లది, ఇల్లు వాళ్లది. కానీ ఆ రెండంగుళాలు గదిలోనే రావాలా అని సిద్ధాంతిగారినే ఒకసారి అడగమనండి. చాలామంది ప్రహరీలో పెంచినా చాలంటారు. గదులు మూలమట్టానికి కట్టేసి, పెంపు ప్రహరీకి ఇచ్చేయండి. ప్రహరీకి ఎటూ నేను చెక్క వేయను.